ఎప్పుడూ నిండుగానే

పగటిపూట, ఒక చిన్న ఇల్లు. లోపలి గదిలో ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఏడాది పాప నిద్రపోతోంది. పాప ముక్కుకు పెట్టిన సన్నని గొట్టం తలుపు కిందుగా హాల్లోకి వచ్చి, గుర్రుమంటున్న ఆక్సిజన్ మెషిన్‌లోకి వెళ్తోంది. మెషిన్ పక్కన, దాన్ని అద్దెకిచ్చిన షాపు నుంచి వచ్చిన మెకానిక్కు నేల మీద గొంతుకూర్చున్నాడు. అతని నెత్తి మీద ఉన్నట్టు నిలబడి పాప తల్లి. కుర్చీలో నాయనమ్మ.

"ముందా చెయ్యి తీయండన్నయ్యా, ప్లగ్ మీద నుంచి."

"లాగలేదమ్మా. ఊరికే పట్టుకున్నా."

"ఊరికే కూడా వద్దు. పిచ్చుకని ఇంటికి తెచ్చిన రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. చీపురు కూడా దాని పక్కనుంచి తప్పుకుని వెళ్తుంది."

"అది మాత్రం నిజం నాయనా. ఈ ఇంట్లో ఆ ప్లగ్‌కున్న మర్యాద నాకు లేదు."

"అత్తయ్యా, మీరు కాసేపాగండి. అన్నయ్యా, నేనడిగింది ఒక్కటే. రేపు పది నుంచి ఒంటిగంట దాకా వీధంతా కరెంటు తీసేస్తారట, తీగలు మారుస్తారట. ఆ మూడు గంటలూ ఈ మెషిన్ బ్యాటరీ మీద నడుస్తుందా, నడవదా? అది చెప్పండి చాలు."

"చెప్పడానికేగా ప్లగ్ తీయాలంటున్నా."

"తీయకుండా చెప్పండి."

"తీయకుండా అంటే... ఇదిగో, నా ఫోను చెబుతోంది. నాలుగు గంటలొస్తుందట."

"మరింకేం. రేపటికి భయం లేదు, హాయిగా ఉండమ్మా అని ఒక్క మాట అనేసి వెళ్ళండి."

"అనేయమంటే..."

"ఏం, మీ ఫోను మీద మీకే నమ్మకం లేదా?"

"లేదని కాదు."

"అయితే ఉందా?"

"మీరు లాయరు చదవాల్సింది తల్లీ."

"తొమ్మిదో తరగతిలోనే మానిపించేశారు. మాట మార్చకండి."

"మార్చట్లేదు. వినండి. ఈ ఫోను చెప్పేది జాతకం లాంటిది. మా దగ్గర్నుంచి వెళ్ళిన మెషిన్ల బ్యాటరీలన్నీ ఎన్నిసార్లు ఖాళీ అయి నిండాయో, అలా నిండుతూ నిండుతూ ఎంత నీరసపడ్డాయో చూసి మావాళ్ళు ఒక లెక్క కట్టారు. ఆ లెక్కలో మీ బ్యాటరీని వేస్తే నాలుగు గంటలని వచ్చింది. మీది ఎన్నిసార్లు ఖాళీ అయిందో తెలుసా?"

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి కూడా కాలేదు. మీ వీధిలో కరెంటు పోతేగా."

"చూశారా అత్తయ్యా! అంటే కొత్తదన్నమాట. నేనెంత భద్రంగా చూసుకున్నానో ఇప్పటికైనా ఒప్పుకోండి."

"ఫోనూ అలాగే అనుకుంటోందమ్మా, కొత్తదని. అదే నాకు నచ్చట్లేదు. ఈ శాలువా ఏంటి, మెషిన్ మీద?"

"శాలువా సంగతి ఇప్పుడెందుకు?"

"ఎప్పుడూ కప్పే ఉంచుతారా?"

"చప్పుడు చేస్తుందని కప్పాను. పిల్ల ఉలిక్కిపడుతుంది. వెనకాల గాలి పోయే చోటు వదిలేశాను, చూడండి. అంత తెలివితక్కువదాన్ని కాదు."

"గాలి చోటు వదిలారు. బ్యాటరీ ఉన్న పక్కే మూసేశారు. ఇక్కడ చెయ్యి పెట్టండి."

"వెచ్చగా ఉంది."

"పది నెలల్నుంచీ అలా వెచ్చగా, కదలకుండా, ఎప్పుడూ నిండుగా."

"నిండుగా ఉంటే మంచిదేగా! తెర మీద వంద ఉంటుంది, ఒక్కరోజు కూడా తొంభై తొమ్మిదికి దిగనివ్వలేదు. నేను లేవగానే పిల్ల మొహం చూస్తాను, తర్వాత ఆ వంద చూస్తాను. ఆ తర్వాతే నా మొహం కడుక్కోవడం."

"ఆ వంద దేంట్లో వంద?"

"అంటే?"

"మీ వంటింట్లో నీళ్ళు కాచే గిన్నె ఉంటుందిగా, అడుగున సున్నం గడ్డకట్టింది?"

"ఉంది. అత్తయ్య పారేయనివ్వరు."

"గిన్నె బంగారంలాంటిది. దాన్నేం అనకు."

"దాన్నేం అనట్లేదు పెద్దమ్మా. చెల్లెమ్మా, అందులో అంచుదాకా నీళ్ళు పోశారనుకోండి. నిండినట్టేనా?"

"నిండినట్టే."

"కొత్తలో పట్టినన్ని నీళ్ళు పడతాయా?"

"ఎలా పడతాయి? అడుగంతా సున్నమైతే."

"ఈ వంద కూడా అంతే. నిండిందని చెబుతుంది, ఎంత పట్టిందో చెప్పదు. బ్యాటరీ లోపల కూడా అలాంటిదే పేరుకుంటుంది. వాడితే పేరుకుంటుంది. వాడకపోయినా పేరుకుంటుంది. నిండా నింపి వేడిలో కూర్చోబెడితే ఇంకా తొందరగా. మా లెక్క కట్టినవాళ్ళు తిరిగి తిరిగి అరిగినవాటిని చూశారే గానీ, ఇలా గడప దాటకుండా శాలువా కప్పుకుని కూర్చున్నదాన్ని చూడలేదు."

"కూర్చోబెట్టి మేపితే ఎవరైనా అంతే నాయనా. మా ఆయన్ని నేనలాగే పాడుచేశాను."

"అత్తయ్యా, మీకు నవ్వులాటగా ఉంది. అన్నయ్యా, అంటే నేనే దాన్ని పాడుచేశానంటారా? జాగ్రత్తగా చూసుకోబట్టే పాడైందంటారా?"

"పాడైందనలేదు. తెలీదన్నా."

"మళ్ళీ తెలీదంటారు. సరే, తగ్గింది అనుకుందాం. ఎంత తగ్గుతుంది? మెల్లమెల్లగానేగా? నాలుగు కాకపోతే మూడున్నర. నాకు మూడు చాలు, ఒక్క నిమిషం ఎక్కువ అక్కర్లేదు."

"మెల్లగానే తగ్గుతుంది, చాలాకాలం. మెట్లు దిగినట్టు ఒక్కొక్కటే దిగుతుంది. ఒకచోటికొచ్చాక మెట్టుండదు, కాలు గాల్లో పడుతుంది. ఆ చోటు ఎక్కడో ముందుగా పట్టుకోవడమే మావాళ్ళ వల్ల కావట్లేదు."

"వల్ల కానప్పుడు అద్దెకెందుకిస్తారు? ఇంకో బ్యాటరీ ఇవ్వండి, గొడవే ఉండదు."

"ఉన్నదొక్కటీ పొద్దున్నే ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళిపోయింది. ఆయనదీ మీ వీధే. కరెంటు మీ ఒక్కరికే పోదు కదమ్మా. మళ్ళీ సరుకొచ్చేది వచ్చే వారం. మూడు గంటలేగా, పాపని ఆసుపత్రికి తీసుకెళ్ళి కూర్చోండి. అక్కడ గోడలోంచే ఆక్సిజన్ వస్తుంది."

"ఆ మాట మాత్రం ఎత్తకండి. పోయినసారి డాక్టరుకి చూపించడానికి అంబులెన్సులో వెళ్ళి అలాగే కూర్చున్నాం. పక్క మంచం పిల్లాడి దగ్గు వెంటబెట్టుకుని ఇంటికొచ్చాం. అది తగ్గడానికి మళ్ళీ గాజుపెట్టెలో పెట్టారు. నేను అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. చాలు నాకు."

"డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. అది చెప్పవేం అమ్మాయ్?"

"ఏం చెప్పింది అత్తయ్యా?"

"నీకు తెలీదూ?"

"అదిప్పుడు అనవసరం అత్తయ్యా."

"ఏం చెప్పారు పెద్దమ్మా?"

"పిల్ల ఎదిగిందట, ఊపిరితిత్తులు గట్టిపడ్డాయట. పగటిపూట పక్కనే కూర్చుని రోజూ కాసేపు గొట్టం తీసి చూడమంది. కాలి క్లిప్పులో అంకె తొంభై మూడు కిందకి పోతే పెట్టేయండి, పోకపోతే అలాగే ఉంచండి అంది. ఆ మాట చెప్పి నెల దాటింది నాయనా."

"ఆవిడ చెబుతుంది, చెప్పి ఇంటికెళ్ళి కంటినిండా నిద్రపోతుంది. పిల్ల పెదాలు నీలంగా మారితే చూసింది ఆవిడ కాదు."

"నేనూ చూశానమ్మాయ్. నీ వెనకే ఉన్నాను."

"చూసి కూడా మీకు మనసెలా ఒప్పుతుంది?"

"ఒప్పకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా."

"సరే, డాక్టరమ్మ మాట పక్కన పెడదాం చెల్లెమ్మా. నా మాట వినండి. ఇవాళ కరెంటుంది. ఇప్పుడు ప్లగ్ తీస్తాను, నా చేతిలోనే పట్టుకుని కూర్చుంటాను. మెషిన్ ఆగిందనుకోండి, గోడలో గుచ్చేస్తాను. రేపు ఆగిందనుకోండి. గోడ ఉంటుంది, ప్లగ్ ఉంటుంది, గుచ్చితే ఏమొస్తుంది?"

"ఇంకోసారి చెప్పండి."

"ఆగేదైతే ఇవాళే ఆగనివ్వండి అంటున్నా."

"ఎంతసేపు తీయాలి?"

"గంట. గంటసేపు ఎంత జోరుగా దిగుతోందో చూస్తే మిగతాది కట్టేయొచ్చు."

"ఆగితే అది కీచుమని అరుస్తుంది. పిల్ల లేచి గుక్కపట్టి ఏడిస్తే, మెషిన్ ఉన్నా అంకె పడిపోతుంది."

"అరవకుండా నోరు నొక్కేస్తాను. దానికో బొత్తాం ఉంది."

"నొక్కేస్తే ఆగినట్టు నాకెలా తెలుస్తుంది? తలుపేస్తే లోపలికి దీని గుర్రు వినపడదు, ఫాను హోరు."

"పాప కాలి వేలికి ఆ ఎర్ర లైటు క్లిప్పు ఉందిగా. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో అదే చెబుతుంది. మీరు అంకె చదవండి, నేను వింటాను. తొంభై మూడు అంటే మీరు 'మూ' అనేలోపు ప్లగ్ గోడలో ఉంటుంది."

"తొంభై మూడు కాదు, నాలుగు. తొంభై నాలుగు అనగానే పెట్టేయాలి."

"అలాగే, నాలుగు."

"ఒట్టేయండి."

"నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు."

"నేను తలుపు దగ్గర ఉంటాలే అమ్మాయ్. నీ మాట ఇతనికి, ఇతని మాట నీకు చేరేస్తా."

"నిలబడలేరు మీరు, మోకాళ్ళు."

"కుర్చీ లాక్కుంటా. నువ్వెళ్ళు."

ఆమె లోపలికి వెళ్ళి పాప పక్కన కూర్చుంది. తలుపు వేలెడంత సందు మాత్రం వదిలి దగ్గరికేశారు.

"తీస్తున్నానమ్మా."

"ఆగండి... ఊఁ. కాదు, ఆగండాగండి. దుప్పటి సర్దనివ్వండి. ఊఁ, తీయండి."

"తీశాను."

"నడుస్తోందా అత్తయ్యా?"

"నడుస్తోంది. మీ మావయ్య గురకలాగే ఉంది. అంకె చెప్పు."

"తొంభై ఏడు. ఏడే. ఏడు... ఆరైంది. అన్నయ్యా, ఆరైంది."

"అటూ ఇటూ ఊగుతుందమ్మా, మనక్కూడా ఊగుతుంది. మీరు ఊపిరి బిగపట్టకండి."

"నేను బిగపట్టట్లేదు."

"నీ గొంతులోనే తెలుస్తోందమ్మాయ్. వదులు."

"ఏడైంది మళ్ళీ. బ్యాటరీ ఎంతలో ఉంది?"

"ఎనభై రెండు."

"ఇందాకేగా వంద! అంత తొందరగానా?"

"మొదట్లో అలా ఒక్క గెంతు గెంతుతుంది. నిలబడుతుందేమో చూద్దాం."

"నిలబడుతుందేమో అంటారేంటి? నిలబడుతుంది అనండి."

"అంకె చెప్పండమ్మా."

"తొంభై ఏడు. అత్తయ్యా, ఇది నిద్దట్లో నవ్వుతోంది. నేనిక్కడ చస్తుంటే ఇది నవ్వుతోంది."

"నవ్వనీ. పుట్టినప్పుడు నా అరచేతిలో పట్టిందా పిల్ల. పిచ్చుకలా ఉందని నేనే అన్నాను, అదే పేరైపోయింది. పెద్ద డాక్టరొచ్చి ఏమన్నాడో గుర్తుందా?"

"ఇప్పుడెందుకు అత్తయ్యా."

"ఈ వారం గడవడం కష్టమన్నాడు నాయనా. ఇంత తక్కువ బరువున్న పిల్లలు ఇంతమందిని చూశాం, ఇంతమంది దక్కారు అని లెక్క చెప్పాడు. మీ ఫోను చెప్పినట్టే చెప్పాడు."

"ఆయన చూసినవాళ్ళలో మీ పిచ్చుక లేదు కదా పెద్దమ్మా."

"అదే నేనూ అన్నాను. ఆయన వినిపించుకోలేదు."

"అన్నయ్యా, ఇప్పుడెంత ఉంది?"

"అరవై... ఉండండి."

"అరవైయా? ఏమైంది, మెట్టు లేని చోటుకి వచ్చిందా? అన్నయ్యా?"

"చూస్తున్నానమ్మా. కాసేపు నన్ను మాట్లాడించకండి."

"అన్నయ్యా."

"పెద్దమ్మా, ఇదిగో ఇది..."

"చూశాను నాయనా. అంకె ఎంతమ్మాయ్?"

"తొంభై ఆరు. ఏం చూశారు?"

"ఆరంది. విన్నావుగా నాయనా? నీ ఒట్టు నాలుగు మీద."

"విన్నాను. కానీ..."

"చెయ్యి అక్కడే ఉంచుకుని కూర్చో మరి."

"ఏంటి మీరిద్దరూ మాట్లాడుకునేది?"

"ప్లగ్ దగ్గర్నుంచి కదలొద్దని చెబుతున్నా. వినకపోతే నీకే కోపం వస్తుందిగా."

"కదలకండన్నయ్యా."

"కదలనమ్మా. అంకె చదువుతూ ఉండండి, ఆపకండి. ఏదున్నా గట్టిగా చదవండి."

"తొంభై ఆరు. ఆరు. ఆరే. బ్యాటరీ ఎంతకొచ్చిందో చెప్పరేం?"

"లెక్క చూస్తున్నా. చివర్లో ఒకేసారి చెబుతా."

"గొట్టం తీసి చెంప దగ్గర పెట్టుకుని చూడనా, గాలి వస్తోందో లేదో?"

"ముట్టుకోకమ్మాయ్! లేపేస్తావు. నిద్దట్లో ఉన్నప్పుడే కదా అంకె సరిగ్గా తెలిసేది."

"మీరెందుకు అంత గట్టిగా అరిచారు?"

"అరవలేదు. నీ చేతులు ఊరుకోవని."

"ఊరుకోవు. నిజమే. కరెంటు ఒక్క క్షణం రెపరెపలాడినా నేను దాని మీద వాలిపోయి ఉంటాను. ఇది ముక్కు చీదితే నా గుండె ఆగుతుంది. మీ అబ్బాయి నన్ను చూసి నవ్వుతారు. ఏం చేయను అన్నయ్యా, దీనికి సొంతంగా వచ్చినవి ఏడుపు, ఆకలి. ఊపిరి మాత్రం ఆ పెట్టెలోంచే తెచ్చుకోవాలి. పెట్టె ఆగితే..."

"అంకె అమ్మాయ్."

"ఆరు. అరగంటైంది, ఆరే. అదిగో, దగ్గింది. కదులుతోంది. అయిదు. అన్నయ్యా, తొంభై అయిదు."

"ఉన్నాను, ఇక్కడే ఉన్నాను. ప్లగ్ గోడకి ఆనించాను."

"పెదాలు చూడమ్మాయ్. ఏ రంగులో ఉన్నాయి?"

"ఎర్రగానే ఉన్నాయి. అయిదు. అయిదే. దిగుతుందా అత్తయ్యా? దిగుతుందేమో. పెట్టేయమని చెప్పండి."

"నాలుగన్నావా?"

"అనలేదు. అయిదు."

"మరి చదువు."

"పెద్దమ్మా, నాకు చెమటలు పట్టేస్తున్నాయి. నావల్ల కాదు, పెట్టేస్తాను."

"తుడుచుకో నాయనా. నాకూ పడుతున్నాయి. చదువమ్మాయ్."

"అయిదు... అయిదు... ఉండండి, కాలు తన్నుకుంది, క్లిప్పు జారింది. సర్దుతున్నా. ఏదీ, వెలగవే తల్లీ. ఏడు. తొంభై ఏడు! క్లిప్పు జారి అలా చూపించింది, అంతే. పక్కకి తిరిగి బొటనవేలు నోట్లో పెట్టుకుంది. ఏడు అన్నయ్యా."

"విన్నానమ్మా. ఏడు."

"ప్లగ్ ఇంకా పట్టుకునే ఉన్నారా?"

"పట్టుకునే ఉన్నా. ఏడన్నారుగా, చాలు."

"ఎనిమిది కూడా అయింది ఒకసారి. మెషిన్ ఉన్నప్పుడే ఎనిమిది ఎప్పుడో గానీ చూడలేదు నేను... అంటే, కరెంటు మీద ఉన్నప్పుడు. గంట కాలేదా ఇంకా?"

"దాటింది అమ్మాయ్."

"దాటిందా! మరి చెప్పరేం? అయితే మీ ఫోనే గెలిచిందన్నయ్యా. మీరు మెట్లని, సున్నమని నన్ను వణికించారు గానీ, గంట నడిచింది, పిల్ల అంకె చెక్కుచెదరలేదు. బ్యాటరీ రాయిలా ఉంది. నేనేం పాడుచేయలేదు. చూశారా అత్తయ్యా, శాలువా కప్పినా ఏం కాలేదు దానికి. పదినెలలు కంట్లో పెట్టుకుని చూసుకున్నది ఊరికే పోతుందా?"

"ఊరికే పోలేదు అమ్మాయ్."

"రేపు మూడు గంటలూ ఇంట్లోనే ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చు."

"ఆసుపత్రికి పోనక్కర్లేదు?"

"అక్కర్లేదు."

"అమ్మయ్య. అన్నయ్యా, మీరొక్క మాట కూడా అనరేం? లెక్క చివర్లో చెబుతానన్నారుగా. బ్యాటరీ ఎంత మిగిలింది?"

"అది... పెద్దమ్మా, మీరే చెప్పండి."

"ఆవిడెందుకు చెప్పాలి? తలుపు అంత బార్లా ఎందుకు తీశారు అత్తయ్యా, మెషిన్ గుర్రుకి పిల్ల లేస్తుంది. ఏడుస్తున్నారేంటి? ఏమైంది? ఉండండి... గుర్రు ఏది? అత్తయ్యా, మెషిన్ చప్పుడేది?"

"కూర్చో, పిల్లని లేపకు. నీ బ్యాటరీ పావుగంటకే చచ్చిపోయిందమ్మాయ్, ఆ తర్వాత నువ్వు చదివిన అంకెలన్నీ పిచ్చుకవే."